లేఅవుట్లలో తనఖా ప్లాట్లు: రోడ్లు, డ్రైనేజీ, నీటి వసతులకు ఉన్న పూచీకత్తుపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త వెంచర్‌లో ప్లాటు కొనేవారు చెల్లించే ధరలో నేల విలువ ఒక్కటే ఉండదు. ఇంకా వేయని రోడ్డు, ఇంకా తవ్వని డ్రైనేజీ, ఇంకా నీళ్లెక్కని ఓవర్‌హెడ్ ట్యాంకు కూడా ఆ ధరలో కలిసే ఉంటాయి. ఆ పనులు పూర్తి చేయకుండా డెవలపర్ తప్పుకుంటే కొన్నవారి గతేమిటి? ఈ ప్రమాదానికి విరుగుడుగా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనలు కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చే సంస్థ పేర తనఖా పెట్టించుకుంటాయి. ఈ ఏర్పాటు గురించి కొనుగోలుదారులు, కాలనీ సంక్షేమ సంఘాల వారు తరచుగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. నిబంధనలకు సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి, మీ లేఅవుట్‌కు వర్తించే షరతులను దాని అనుమతి పత్రంలోనే చదివి నిర్ధారించుకోవాలి.

ఈ తనఖా ఎవరు ఎవరికి పెడతారు? దీనిపై డెవలపర్‌కు అప్పు ఏమైనా ఇస్తారా?

అప్పు ఏమీ ఇవ్వరు. లేఅవుట్ ప్లాన్ పరిశీలన పూర్తయ్యాక, డ్రాఫ్ట్ లేఅవుట్ (పనులు మొదలుపెట్టడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) విడుదల చేసే ముందు, మొత్తం ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థ పేర తనఖా పెడుతూ డెవలపర్ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. హైదరాబాద్ చుట్టూ అయితే ఆ సంస్థ హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ. మిగిలిన చోట్ల ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ గానీ, పురపాలక సంఘం గానీ, నిబంధనల్లో పేర్కొన్న మరో అధికార సంస్థ గానీ అవుతుంది. బ్యాంకు తనఖాలో తీరవలసింది అప్పు అయితే, ఇక్కడ తీరవలసింది పని. అనుమతి పత్రంలో రాసిన గడువులోగా వసతులన్నీ కల్పించి, తనిఖీలో నెగ్గి, ఫైనల్ లేఅవుట్ (తుది అనుమతి) తెచ్చుకున్న తర్వాతే ఆ ప్లాట్లు డెవలపర్‌కు తిరిగి విడుదలవుతాయి.

ఏయే పనులకు ఇది పూచీకత్తు?

ప్లాన్‌లో చూపిన వెడల్పుతో రోడ్లు, వరద నీటి కాలువలు, మురుగునీటి పైపులైన్లు, ఆ మురుగు చివరకు చేరే ఏర్పాటు, తాగునీటి సరఫరా, వీధి దీపాలతో సహా విద్యుత్ లైన్లు, ఇంకుడు గుంతలు, రోడ్ల వెంట మొక్కలు, పార్కు స్థలానికి ప్రహరీ లేదా కంచె వంటివి సాధారణంగా ఇందులోకి వస్తాయి. రోడ్లను, ఖాళీ స్థలాలను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) ద్వారా ఉచితంగా అప్పగించాలనేది వేరే షరతు. స్థలం అప్పగించినంత మాత్రాన దానిపై చేయవలసిన పనుల బాధ్యత తీరిపోదు. బ్రోచరులో మాత్రమే కనిపించే క్లబ్ హౌస్, ఈతకొలను వంటి వాటికి ఈ తనఖా రక్షణ వర్తించదు. వాటి కోసం అమ్మకపు ఒప్పందంపైన, స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టంపైన ఆధారపడవలసిందే.

15 శాతం సరిపోతుందా?

కాగితం మీద చూస్తే చాలాసార్లు సరిపోయినట్టే కనిపిస్తుంది. లెక్క కోసం ఒక లేఅవుట్‌లో 200 గజాల చొప్పున 100 ప్లాట్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 20,000 గజాలు. అందులో 15 శాతం అంటే 3,000 గజాలు, అంటే 15 ప్లాట్లు. గజం 15,000 రూపాయలు పలుకుతున్న చోట వాటి విలువ 4.5 కోట్లు. వసతుల కల్పనకు 4.2 కోట్లు అవుతాయని అంచనా వేసుకుంటే పూచీకత్తు చాలినట్టే.

కానీ ఈ పూచీకత్తును అమ్మవలసిన రోజు ఎలా ఉంటుందో ఆలోచించాలి. డెవలపర్ చేతులెత్తేసిన వెంచర్‌లో, రోడ్డు లేని, నీళ్లు లేని ప్లాటును వేలం వేస్తే 15,000 రూపాయలు పెట్టి ఎవరూ కొనరు. గజానికి 9,000 వచ్చిందనుకుంటే చేతికందేది 2.7 కోట్లే. ఈలోగా తారు, సిమెంటు, కూలి ధరలు పెరిగి పనుల ఖర్చు 5 కోట్లకు చేరితే సగానికి దగ్గరగా లోటు పడుతుంది. ఏ పనుల కోసం ఆ ప్లాట్లను తనఖా పెట్టించుకున్నారో, ఆ పనులు ఆగిపోయినప్పుడే వాటి విలువ పడిపోతుందన్నది ఈ పద్ధతిలోని అసలు బలహీనత.

దీనికి తోడు, తనఖాకు ఏ ప్లాట్లు ఎంచారన్నది కూడా ముఖ్యమే. హైటెన్షన్ లైను పక్కన, నాలా అంచున, లేఅవుట్ చివరి మూలలో ఉన్న ప్లాట్లనే ఏరి చూపితే విస్తీర్ణం 15 శాతమే అయినా విలువ అంత ఉండదు. ఈ ప్లాట్లను అధికారులు విస్తీర్ణంతో పాటు విలువ చూసి కూడా అంగీకరించాలని, రోడ్డు ముఖం ఉన్న ప్లాట్లు వాటిలో కొన్నైనా ఉండాలని మా దృఢమైన అభిప్రాయం. కొనేవారు కూడా ప్లాన్‌లో తనఖా గడులు ఎక్కడున్నాయో చూస్తే డెవలపర్ ఉద్దేశం ఎంతో కొంత తెలుస్తుంది.

తనఖాలో ఉన్న ప్లాట్లు ఏవో ఎలా తెలుసుకోవాలి?

అనుమతి పత్రంలో, అంటే ప్రొసీడింగ్స్‌లో, తనఖా ప్లాట్ల నంబర్లు, విస్తీర్ణం, తనఖా దస్తావేజు నంబరు, తేదీ రాసి ఉంటాయి. ప్లాన్‌లో ఆ ప్లాట్లను ప్రత్యేకంగా గుర్తిస్తారు. హెచ్‌ఎండీఏ షరతుల ప్రకారం డెవలపర్ 10 అడుగులు, 20 అడుగుల కొలతతో లేఅవుట్ బోర్డును స్థలంలో అందరికీ కనిపించే చోట పెట్టి, ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య), లేఅవుట్ వివరాలు, షరతులు దానిపై చూపాలి. వెంచర్ ముఖద్వారం వద్ద పెద్ద ఆర్చీ ఉండి, ఈ బోర్డు మాత్రం లేకపోతే అక్కడే ఆగి కారణం అడగండి.

ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ప్లాటు నంబరుతో మాత్రమే వెతికితే, సర్వే నంబరు మీద నమోదైన లావాదేవీ కనిపించకుండా పోవచ్చు. కాబట్టి ప్లాటు నంబరుతో ఒకసారి, లేఅవుట్‌లోని ప్రతి సర్వే నంబరుతో ఒకసారి విడివిడిగా వెతికి, వచ్చిన తనఖా దస్తావేజు నంబరును ప్రొసీడింగ్స్‌లోని నంబరుతో సరిపోల్చాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ ఫొటోను నమ్మవద్దు. రంగులు మార్చి, తనఖా గుర్తులు తీసేసి ముద్రించే బ్రోచర్లు ఉంటాయి; సంస్థ ముద్ర ఉన్న ప్లాన్ ప్రతినే అడగాలి.

తనఖా ప్లాటును గజానికి రెండు మూడు వేలు తగ్గించి ఇస్తామంటున్నారు. నెల రోజుల్లో విడుదలవుతుందట. కొనవచ్చా?

కొనవద్దు. తనఖా ప్లాట్లను అమ్మకూడదన్నది అనుమతిలోని షరతు. రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి నోటరీ కాగితం మీదో, తెల్లకాగితం మీదో ఒప్పందం రాసి డబ్బు తీసుకుంటారు. ఆ తర్వాత మీ ప్లాటు విడుదల పూర్తిగా డెవలపర్ చేయని పనుల మీద ఆధారపడుతుంది. అతను విఫలమైతే జప్తుకు వచ్చే ఆస్తి మీరు డబ్బు కట్టిన ప్లాటే. బ్యాంకులు కూడా దీనిపై రుణం ఇవ్వవు.

ఇందులో కాలనీకి జరిగే నష్టం కూడా ఉంది. తనఖా ప్లాట్ల డబ్బు ముందుగానే చేతికి వచ్చాక, వాటిని విడిపించుకోవాలన్న తొందర డెవలపర్‌కు ఏముంటుంది? పనులు పూర్తి చేయించే ఒత్తిడి అంతా ఆ ప్లాట్లు అమ్ముడుపోకుండా ఉండటంలోనే ఉంది.

ఇప్పటికే అలాంటి ప్లాటుకు డబ్బు కట్టేశాను. ఇప్పుడేం చేయాలి?

మొదట ఇక డబ్బు కట్టడం ఆపి, చెల్లించిన ప్రతి మొత్తానికి రసీదులు, బ్యాంకు వివరాలు, సంభాషణలు భద్రపరచండి. ప్రాజెక్టు రెరా పరిధిలోకి వచ్చేదైతే చట్టంలోని సెక్షన్ 13 మీకు ఉపయోగపడుతుంది: రిజిస్టర్ అయిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి డెవలపర్ తీసుకోకూడదు. తప్పుడు ప్రకటన లేదా బ్రోచరు నమ్మి నష్టపోయినవారికి సెక్షన్ 12 ప్రకారం, గడువులోగా అప్పగించని సందర్భంలో సెక్షన్ 18 ప్రకారం వడ్డీతో సహా డబ్బు తిరిగి కోరే హక్కు ఉంది. సెక్షన్ 31 కింద రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఆస్తిలో ఉన్న లోపాన్ని దాచిపెట్టి అమ్మడం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం కూడా తప్పే. నోటీసు పంపే ముందు స్థానిక న్యాయవాదికి కాగితాలన్నీ చూపించడం మంచిది.

నేను కొన్నది తనఖాలో లేని ప్లాటు. ఈ వ్యవహారంతో నాకేం పని?

చాలా పని ఉంది. పనులు పూర్తయి తనఖా విడుదలయ్యేదాకా తనఖా ప్రాంతంలోనే కాక లేఅవుట్‌లోని మిగతా ప్లాట్లలో కూడా స్థానిక సంస్థ ఇంటి అనుమతులు ఇవ్వకూడదన్నది హెచ్‌ఎండీఏ డ్రాఫ్ట్ లేఅవుట్ పత్రాల్లో సాధారణంగా కనిపించే షరతు. అంటే మీ ప్లాటు రిజిస్ట్రేషన్ సక్రమంగా జరిగినా, ఫైనల్ లేఅవుట్ రాకపోతే మీ ఇంటి కల ఆగిపోవచ్చు. డ్రాఫ్ట్ లేఅవుట్ చూపించి "అప్రూవ్డ్ వెంచర్" అని అమ్ముతున్నప్పుడు, అది డ్రాఫ్టా ఫైనలా అని అడగవలసింది అందుకే. ఇంకొకటి: లేఅవుట్ అనుమతి భూమి యాజమాన్యానికి రుజువు కాదు. టైటిల్ పరిశీలన విడిగా చేయించుకోవాలి.

తనఖా విడుదలకు ముందు కొనుగోలుదారులు చేయగలిగింది ఏమైనా ఉందా?

మొత్తం ప్రక్రియలో మీ మాటకు ఎక్కువ విలువ ఉండే సమయం ఇదే. తనఖా విడుదలయ్యాక సంస్థ చేతిలో డెవలపర్‌కు చెందిన ఆస్తి ఏదీ మిగలదు. కాబట్టి అతను విడుదలకు దరఖాస్తు చేశాడని తెలిసిన వెంటనే, కొన్నవారు కనీసం పదిమంది కలిసి లేఅవుట్ అంతా నడిచి చూసి, లోపాలను ఫొటోలతో సహా రాతపూర్వకంగా సంస్థకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఎక్కడ చూడాలో తెలిస్తే ఇంజినీరు కాకపోయినా చాలా లోపాలు పట్టుకోవచ్చు. మురుగు లైనుకు ఎత్తున ఉన్న మ్యాన్‌హోల్‌లో ట్యాంకరు నీళ్లు వదిలి, పల్లంలో ఉన్న చివరి మ్యాన్‌హోల్ మూత తెరిచి నిలబడండి. నీళ్లు రాకపోతే వాలు తప్పిందో, మధ్యలో పైపు కలపలేదో అర్థమవుతుంది. వచ్చినా, అక్కడి నుంచి ఎటు పోతున్నాయో చూడాలి. పైపు లేఅవుట్ హద్దు దాటి పక్క రైతు పొలం గట్టు దగ్గర తెగిపోయి ఉంటే, ఆ కాలనీకి డ్రైనేజీ ఉన్నా లేనట్టే. మొదటి వర్షాకాలానికే గొడవ మొదలవుతుంది. రోడ్డు వెడల్పును ప్లాన్‌లో రాసినదానితో టేపు పెట్టి కొలవండి. తారు అంచు దగ్గర చిన్న గునపంతో చూస్తే కింద కంకర పొర ఉందో, మట్టి మీదే పైపూత పూశారో తెలుస్తుంది. వీధి దీపాల స్తంభాలు నిలబెట్టి ఉన్నా, ట్రాన్స్‌ఫార్మర్ కోసం విద్యుత్ సంస్థకు అంచనా మొత్తం కట్టిన రసీదు ఉందో లేదో అడగాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నింపించి, దూరంగా ఉన్న ప్లాటు దగ్గర కుళాయి విప్పించాలి.

ఈ పరీక్షలు సంస్థ ఇంజినీర్లు చేయవలసినవే. తనిఖీ రోజున మీరూ అక్కడ ఉంటే అవి జరిగే అవకాశం పెరుగుతుంది.

గడువు దాటినా పనులు జరగలేదు, డెవలపర్ ఫోన్ ఎత్తడం లేదు. తనఖా ప్లాట్లను అమ్మి పనులు చేయించమని అడగవచ్చా?

అడగవచ్చు, అడగాలి కూడా. డెవలపర్ వసతులు కల్పించకపోతే తనఖా పెట్టిన విస్తీర్ణాన్ని జప్తు చేసుకుంటామని, చట్టప్రకారం చర్యలు తీసుకుంటామని అనుమతి పత్రంలోనే ఉంటుంది. అయితే అధికారం ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. గడువు పొడిగింపులు ఇస్తూ పోవడం సంస్థకు సులభం. ప్లాట్లు స్వాధీనం చేసుకుని, విలువ కట్టి, వేలం వేసి, టెండరు పిలిచి పనులు చేయించడం కష్టం. కొన్నవారు సంఘంగా ఏర్పడి వెంటపడకపోతే ఈ రెండో దారి తనంతట తానుగా తెరుచుకోదు.

ముందుగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించుకుని, తనఖా దస్తావేజు, షరతులు, గడువు ప్రస్తావిస్తూ సంస్థకు వినతిపత్రం ఇవ్వండి. సహేతుకమైన సమయంలో స్పందన లేకపోతే, అధికారులు తమ విధిని నిర్వర్తించేలా ఆదేశించాలని రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. ప్రాజెక్టు రెరాలో నమోదై ఉండి ఆ నమోదు రద్దయినా, గడువు తీరిపోయినా, మిగిలిన పనులను ఎవరితో పూర్తి చేయించాలన్నది ప్రభుత్వంతో సంప్రదించి రెరా అథారిటీ నిర్ణయిస్తుంది. సెక్షన్ 8 ప్రకారం ఆ పనులు చేపట్టే అవకాశాన్ని మొదట కొనుగోలుదారుల సంఘానికే ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్ మార్గం కూడా ఉంది: వసతులు కల్పిస్తామని చెప్పి ప్లాట్లు అమ్మడం ఉత్త స్థలం అమ్మకం కాదని, అది వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

రెరాలో 70 శాతం డబ్బు ప్రత్యేక ఖాతాలో ఉంటుంది కదా, మళ్లీ తనఖా ఎందుకు?

రెండింటి పని వేరు. 2016 రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతాన్ని ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి, పని ఎంత శాతం పూర్తయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించిన మేరకే తీయాలి. అయితే ఆ సొమ్మును నిర్మాణానికే కాక భూమి ఖర్చుకూ వాడుకోవచ్చు. అందువల్ల పనులు ఆగిపోయే రోజుకు ఖాతాలో మిగిలేది కొద్దిదే కావచ్చు. తనఖా ప్లాట్లు మాత్రం అమ్మకాలు ఎలా సాగినా కదలకుండా ఉంటాయి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో ప్లాట్లు అమ్మే ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి కాబట్టి, మీ వెంచర్‌కు ఈ రెండు రక్షణలూ ఉండాలి.

ఫైనల్ లేఅవుట్ వచ్చిన రెండేళ్లకే రోడ్లు పాడయ్యాయి. ఎవరిని అడగాలి?

రోజువారీ నిర్వహణ, అప్పగింత జరిగిపోయి ఉంటే, స్థానిక సంస్థది. కానీ నాసిరకం పనివల్ల వచ్చిన లోపమైతే రెరా చట్టం సెక్షన్ 14 డెవలపర్‌ను వదిలిపెట్టదు. స్వాధీనం ఇచ్చిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు పనితనంలో గానీ, నాణ్యతలో గానీ, సేవల కల్పనలో గానీ లోపాన్ని అతని దృష్టికి తెస్తే 30 రోజుల్లో అదనపు ఖర్చు లేకుండా సరిచేయాలి; చేయకపోతే పరిహారం కోరవచ్చు. ఈ అయిదేళ్ల బాధ్యత వెనుక తనఖా వంటి ఆస్తి ఏదీ ఉండదన్నది నిజమైన లోటు. తనఖాలో కనీసం ఒకటి రెండు ప్లాట్లనైనా ఈ కాలమంతా విడుదల చేయకుండా ఉంచే నిబంధన రావాలి.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ ప్లాట్లకు బదులు బాండ్ తీసుకుంటారని విన్నాం. తేడా ఏమిటి?

ఉదాహరణకు కాలిఫోర్నియా చట్టం ప్రకారం నగరపాలక సంస్థ డెవలపర్ నుంచి పనుల అంచనా వ్యయంలో 50 నుంచి 100 శాతం దాకా ష్యూరిటీ బాండ్ (డెవలపర్ తరఫున మూడో సంస్థ ఇచ్చే హామీ) లేదా నగదు డిపాజిట్, బ్యాంకు హామీ పత్రం వంటి రూపాల్లో పూచీకత్తు తీసుకుంటుంది. కూలీలకు, సామగ్రి సరఫరాదారులకు చెల్లింపుల కోసం మరో 50 నుంచి 100 శాతం ఉంటుంది. పనులు పూర్తయి అంగీకరించిన తర్వాత లోపాలకు హామీగా ఏడాదిపాటు కొంత మొత్తం నిలిచి ఉంటుంది. అక్కడ పూచీకత్తు పనుల ఖర్చును బట్టి లెక్కకు వస్తుంది. మన దగ్గర స్థలం విస్తీర్ణాన్ని బట్టి వస్తుంది. చిన్న డెవలపర్ నగదు కట్టకుండానే అనుమతి పొందగలగడం మన పద్ధతిలోని మంచి. వేలం దాకా పోకుండా చేతికి డబ్బు అందడం వాళ్ల పద్ధతిలోని మంచి.

అపార్ట్‌మెంట్లకు కూడా ఇలాంటిది ఉందా?

ఉంది. 2012 నాటి భవన నిబంధనల నుంచి రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతున్న పద్ధతిలో, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చే సంస్థకు పూచీకత్తుగా చూపాలి. అది ప్రధానంగా మంజూరైన ప్లాన్ అతిక్రమించకుండా ఉండటానికి; ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనాన్ని వాడుకోవచ్చనే ధ్రువపత్రం) వచ్చాక విడుదలవుతుంది. ఫ్లాటు కొనేవారు తమ ఫ్లాటు ఆ 10 శాతంలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

అనుమతి లేని వెంచర్‌లో కొన్నాం. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) రుసుము కడితే ఈ రక్షణ వస్తుందా?

రాదు. రెండు రాష్ట్రాలూ 2020లో తెచ్చిన క్రమబద్ధీకరణ పథకాలు మీ ప్లాటుకు చట్టబద్ధత ఇవ్వగలవు గానీ, రోడ్డు వేయకుండా వెళ్లిపోయిన డెవలపర్ నుంచి దాన్ని రాబట్టలేవు. అక్కడ తనఖా పెట్టినవారు లేరు, పెట్టించుకున్నవారూ లేరు. వ్యవసాయ భూమిని గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లదీ ఇదే పరిస్థితి.

సమాచార హక్కు చట్టం కింద ఏ పత్రాలు అడగాలి?

లేఅవుట్ అనుమతి సంస్థలోని ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, ఎల్పీ నంబరు పేర్కొంటూ ఇవి కోరండి: షరతులతో సహా డ్రాఫ్ట్ లేఅవుట్ ప్రొసీడింగ్స్, రిజిస్టర్ అయిన తనఖా దస్తావేజు ప్రతి, తనఖా ప్లాట్లు గుర్తించిన ప్లాన్, ఇప్పటివరకు ఇచ్చిన గడువు పొడిగింపులు, ఇంజినీర్ల తనిఖీ నివేదికలు, విడుదల ఉత్తర్వు ఉంటే దాని ప్రతి, రోడ్లు, పార్కుల గిఫ్ట్ డీడ్ నంబర్లు. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి. తనిఖీ నివేదిక చేతికి వచ్చాక, "పూర్తయింది" అని రాసిన ప్రతి పని పక్కన మీరు తీసిన ఫొటో పెట్టి సరిపోల్చి చూడండి. రెండింటికీ పొంతన లేని చోటు నుంచే మీ ఫిర్యాదు మొదలుపెట్టవచ్చు.